జోనస్ క్విన్ వచ్చాడని ఆరో సీజన్ వదిలేయకండి

వేరే గ్రహాలకు వెళ్లే ఒక జట్టు కథ చెప్పే సైన్స్ ఫిక్షన్ టీవీ సిరీస్ ‘స్టార్‌గేట్ ఎస్‌జీ-1’ అయిదో సీజన్ పూర్తిచేశానని, ఆ జట్టులోని డేనియల్ జాక్సన్ ఏడో సీజన్‌లో తిరిగి వస్తాడని విన్నాను కాబట్టి ఆరు వదిలేసి నేరుగా ఏడుకు వెళ్లవచ్చా అని అడిగారు. డేనియల్ స్థానంలోకి వచ్చిన జోనస్ క్విన్ అంటే అభిమానులకు అంత కోపం ఎందుకని కూడా అడిగారు. మీరు చేయాలనుకుంటున్న పని నేను ఒకసారి చేశాను, తర్వాత చాలా బాధపడ్డాను. వదిలేయకండి. కారణాలు చెప్పాలంటే ముందు జరిగే కథ కొంత బయటపడుతుంది, మన్నించాలి.

నేను, అన్నయ్య ఈ సిరీస్‌ను కలిసే చూశాం. అయిదో సీజన్‌లోని ‘మెరిడియన్’ ఎపిసోడ్‌లో ఒళ్లంతా కట్లతో మంచం మీద పడి ఉన్న డేనియల్ వెలుగుగా మారి పైకి వెళ్లిపోతుంటే ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆరో సీజన్ పెట్టగానే మొదట్లో పేర్లు పడతాయి కదా, అక్కడ డేనియల్‌గా నటించిన మైకేల్ షాంక్స్ పేరు లేదు, జోనస్‌గా నటించిన కోరిన్ నెమెక్ పేరు పడింది. అన్నయ్య టీవీ కట్టేశాడు. “ఇతనా డేనియల్ చోట?” అన్నాడు. అంతే, 22 ఎపిసోడ్లూ వదిలేశాం.

ఆ కోపం ఊరికే రాలేదు. ‘మెరిడియన్’లో, వేరే గ్రహం మీద జోనస్ దేశమైన కెలోనాలోని ప్రయోగశాలలో ప్రమాదం జరిగినప్పుడు డేనియల్ అద్దం పగలగొట్టుకుని లోపలికి దూకి, ప్రాణాంతకమైన రేడియేషన్‌కు గురయ్యాడు. జోనస్ అక్కడే ఉండి కూడా కదల్లేకపోయాడు. పైగా అతని ప్రభుత్వం తప్పంతా డేనియల్ మీదికి నెట్టింది. అలా చూస్తూ నిలబడిపోయిన మనిషినే తెచ్చి పోయినవాడి కుర్చీలో కూర్చోబెడితే చూసేవాళ్ల మనసు ఒప్పుకుంటుందా? తన పాత్రకు ప్రాధాన్యం తగ్గిపోయిందన్న అసంతృప్తితో షాంక్స్ తప్పుకున్నారని బయటికి రావడంతో అభిమానులు ‘సేవ్ డేనియల్ జాక్సన్’ పేరుతో ఉద్యమమే నడిపారు. 2002లో ఆరో సీజన్ మొదలయ్యేసరికి సిరీస్ షోటైమ్ నుంచి సైఫై చానల్‌కు మారింది కూడా. తెర వెనక ఎవరెవరో తీసుకున్న నిర్ణయాలు ఇన్ని ఉంటే, ప్రేక్షకుల కళ్ల ఎదుట కనిపించినవాడు మాత్రం జోనస్ ఒక్కడే. అందరి కోపమూ అతని మీద పడింది.

నా అభిప్రాయం మారడానికి కారణం మా పిన్ని కూతురు. తను అనుకోకుండా ఆరో సీజన్‌తో ఈ సిరీస్ చూడటం మొదలుపెట్టింది. ఏడో సీజన్ మొదటి ఎపిసోడ్ ‘ఫాలెన్’లో డేనియల్ కనిపించగానే నేను సంబరపడిపోతుంటే, “ఈయనకు చోటివ్వడానికి జోనస్‌ను పంపించేస్తారా అక్కా?” అని అడిగింది. తన మొహంలో నిజమైన దిగులు ఉంది. ఆరో సీజన్ తెరిచినప్పుడు అన్నయ్య మొహంలో చూసిన దిగులే అది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ వారంలోనే తనతో కలిసి ఆరో సీజన్ మొదటి నుంచీ చూశాను.

నేను ఊహించుకున్న జోనస్ అందులో లేడు. డేనియల్ స్థానం దక్కింది కదా అని అతను దర్జాగా తిరగడు. ఆ రోజు తాను చేయలేని పని డేనియల్ చేశాడన్న అపరాధభావం అతన్ని వదలదు. తన దేశం అబద్ధం చెబుతోందని తెలిసి, నాక్వడ్రియా అనే అరుదైన పదార్థం తీసుకుని ఇల్లూ ఊరూ వదులుకుని వచ్చినవాడు. డేనియల్ రాసుకున్నవన్నీ కూర్చుని చదువుతాడు. భూమి మీద టీవీలో వాతావరణ వార్తలు వస్తుంటే కళ్లార్పకుండా చూస్తాడు, అరటిపండు తింటూ పసిపిల్లాడిలా మురిసిపోతాడు. రచయితలు చేసిన మరో మంచి పని, మన కోపాన్ని జట్టు నాయకుడు కర్నల్ ఓనీల్‌కు ఇవ్వడం. అతనూ జోనస్‌ను జట్టులోకి రానివ్వడు. ఆరో సీజన్ మొదటి కథ ‘రిడెంప్షన్’ రెండు భాగాలూ పూర్తయ్యాకే ఒప్పుకుంటాడు. ఓనీల్ మెత్తబడే దాకా మనమూ అతనితోపాటే నడుస్తాం.

ఇంకొకటి, ఆరో సీజన్‌లో డేనియల్ పూర్తిగా లేకుండా పోడు. ‘అబిస్’ ఎపిసోడ్‌లో శత్రువు బాల్ చెరలో చిత్రహింసలు పడుతున్న ఓనీల్ దగ్గరికి వస్తాడు. ఎదురుగా ఉన్నది నిజమా, భ్రమా అని ఓనీల్ తన బూటు తీసి విసురుతాడు. అది డేనియల్ ఒంట్లోంచి దూసుకుపోయి అవతల పడుతుంది. వాళ్లిద్దరి స్నేహం మీద అంతకంటే గొప్ప ఎపిసోడ్ నాకు ఇంకోటి కనిపించలేదు. డేనియల్ కోసం అలిగి, డేనియల్ ఉన్న ఆ ఎపిసోడ్‌నే వదులుకున్నాం మేము! చివరి ఎపిసోడ్ ‘ఫుల్ సర్కిల్’ చూడకపోతే, ‘ఫాలెన్’లో అతనికి గతం ఎందుకు గుర్తులేదో కూడా సరిగా అర్థం కాదు.

అన్ని సిరీస్‌లలోనూ కొత్తవాళ్ల మీద కోపం ఇలాంటిదే అనను. 1988లో ‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ రెండో సీజన్‌లో డాక్టర్ క్రషర్ బదులు డాక్టర్ పులాస్కీ వచ్చింది. డేటా అనే యంత్రమానవుణ్ని ఆమె ‘డాటా’ అని పిలుస్తుంది. అతను సరిదిద్దితే, రెంటికీ తేడా ఏముందని అడుగుతుంది. ఒకటి నా పేరు, రెండోది కాదు అంటాడతను. ఆ మాట విన్నప్పుడు నాకూ కోపం వచ్చింది, అది న్యాయమైన కోపమే అనుకుంటాను, ఎందుకంటే ఆమె చేసిన పనికి వచ్చిన కోపం అది. జోనస్ విషయంలో మనకు వచ్చినది అతను వచ్చినందుకు.

కాబట్టి రెండు మూడు రోజులు ఆగి, ‘రిడెంప్షన్’ రెండు భాగాలూ ఒకేసారి చూడండి. ఏడో సీజన్ రెండో ఎపిసోడ్ ‘హోమ్‌కమింగ్’ చివర జోనస్ తన లోకానికి వెళ్లిపోతాడు. మొదటిసారి అది చూసి అన్నయ్యా నేనూ అడ్డు తొలగిందని సంతోషించాం. రెండోసారి నాకు గొంతు పట్టేసింది. తర్వాత అదే సీజన్‌లో ‘ఫాలౌట్’లో ఒకే ఒక్కసారి మళ్లీ కనిపిస్తాడు, అదీ తప్పకుండా చూడండి.