డిసెంబరు వానలో స్టీల్‌హెడ్ పడుతుందా?

మీరు అడిగినవి మూడు. వానా చలీ కలిసిన డిసెంబరు శనివారాల్లో సియాటిల్ దగ్గరి స్కైకోమిష్ నదికి వెళ్తే సాల్మన్ గానీ స్టీల్‌హెడ్ గానీ పడతాయా? వాతావరణం బాగుపడేదాకా ఆగాలా? పడిన చేప పులసలా పులుసుకు పనికొస్తుందా?

సియాటిల్ చుట్టుపక్కల శీతకాలంలో పొడి రోజు కోసం ఎదురుచూసేవారు గాలం అమ్ముకోవడం మేలు. నేను పదకొండేళ్లుగా మన్రో, సుల్తాన్, గోల్డ్ బార్ ఊళ్ల మధ్య ఈ ఏటి ఒడ్డున తడుస్తున్నాను. నా మంచి చేపలన్నీ చెడ్డ రోజుల్లోనే పడ్డాయి. అయితే అన్ని చెడ్డ రోజులూ ఒకటి కావు.

ముందుగా, డిసెంబరులో సాల్మన్ మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడి సాల్మన్ రకాల్లో ఒకటైన కోహోకు అదను అక్టోబరు, నవంబరు. ఆ తర్వాత కనిపించేవి చాలావరకు గుడ్లు పెట్టి చావుకు దగ్గరైనవి. స్టీల్‌హెడ్ సంగతి వేరు. అది రెయిన్‌బో ట్రౌటే. సముద్రంలో పెరిగి ఏటికి తిరిగివస్తుంది, గుడ్లు పెట్టాక కూడా కొన్ని బతికి మళ్లీ సముద్రానికి పోతాయి. గోల్డ్ బార్ దగ్గరి రైటర్ పాండ్స్ అనే చేపల పెంపక చెరువుల్లో పెంచి వదిలినవి డిసెంబరు, జనవరి నెలల్లో పైకి వస్తాయి. మీరు వెళ్లాల్సింది వాటి కోసం.

గోదావరి ఒడ్డున పెరిగిన మనకు ఇక్కడ ఒక పాత లెక్క అడ్డొస్తుంది. ఎర్రనీరు దిగితే పులస వచ్చినట్టే అనుకుంటాం. వాన పడి నది పెరిగితే చేప పైకి కదలడం వరకు ఇక్కడా అంతే. కానీ పులసను వలతో పడతారు. చేపకు వల కనిపించకపోతేనే మంచిది. గాలానికి వెళ్లినవారికి మాత్రం చేప ఎరను చూడాలి. నది పోటు మీద ఉండి పాలు కలిపిన కాఫీలా పారుతుంటే ఎర దాని ముక్కు ముందు నుంచి పోయినా లాభం లేదు. వరద తగ్గుముఖం పట్టి, నీరు ముదురు పచ్చకు తిరిగి, మోకాలి లోతులో మీ బూటు మసకమసకగా కనిపించిందా, ఇక వానైనా వడగళ్లైనా వెళ్లండి.

ఇంట్లో కూర్చునే ఇది కనిపెట్టవచ్చు. గోల్డ్ బార్ దగ్గర అమెరికా జియలాజికల్ సర్వేవారి కొలమానం ఉంది. నీటి ప్రవాహం ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో ఒక గీతగా కనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర లక్షల క్యూసెక్కులని పేపర్లో చదివిన కళ్లకు ఇక్కడి 4,000 నవ్వు తెప్పించవచ్చు. ఈ ఏరు ఇరుకు, వాలు ఎక్కువ; ఆ నాలుగు వేలే మనిషిని పడగొడతాయి. నేను 3,000 నుంచి 5,000 మధ్య, అదీ గీత కిందికి దిగుతున్నప్పుడే వెళ్తాను. అదే 4,000 అయినా గీత పైకి పోతుంటే దుప్పటి కప్పుకుని పడుకుంటాను.

ఇంకొకటి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. చలి వాన కన్నా వెచ్చటి వానకు భయపడాలి. వాతావరణ సూచనలో వాన ఎంతో మాత్రమే చూడకండి, అది ఏ ఎత్తులో మంచుగా మారుతుందో చూడండి. ఈ ఏటికి ఎగువన ఉన్న కొండ కనుమ స్టీవెన్స్ పాస్ ఎత్తు 4,061 అడుగులు. మంచు 3,000 అడుగుల దాకా దిగితే కొండల మీద పడినదంతా అక్కడే ఆగుతుంది. కింద మీరు వణుకుతారు గానీ ఏరు నిలకడగా ఉంటుంది. అదే హవాయి వైపు నుంచి వెచ్చటి మేఘాలు వస్తే (ఇక్కడ పైనాపిల్ ఎక్స్‌ప్రెస్ అంటారు) ఏడెనిమిది వేల అడుగుల ఎత్తులోనూ వానే, పైగా పాత మంచు కరిగి దాంతో కలుస్తుంది. రాత్రికి రాత్రే వరద.

ఇక్కడ గాలం పట్టిన మూడో సంవత్సరం నేను చేసిన పొరపాటు అదే. ఉదయం చీలమండ లోతు పాయ దాటి గులకరాళ్ల తిన్నె మీదికి చేరాను. వాన వెచ్చగా, హాయిగా ఉందని సంబరపడ్డాను కూడా. పది గంటలకు నీటి మీద ఆకులూ పుల్లలూ తేలుతూ వచ్చాయి. ఏరు పెరుగుతోందనడానికి అంతకు మించిన కబురు లేదు; నాకు అప్పుడు తెలియదు. తిరిగి వచ్చేసరికి పాయ నడుము లోతయింది. మధ్యలో కాలు జారింది, రాడ్డు పోయింది. వేడర్ల (నీళ్లలో దిగడానికి ఛాతీ దాకా వేసుకునే తడవని తొడుగు) మీద బెల్టు బిగించి ఉండటంతో లోపలికి నీరు అంతగా చేరలేదు, లేకపోతే ఇది రాసేవాడిని కాను. ఒడ్డెక్కాక కారు తాళం మీది మీట నొక్కడానికి వేళ్లు వంగలేదు, మోచేత్తో నొక్కాను. అప్పటి నుంచి వెళ్లగానే నీటి అంచున ఒక పుల్ల గుచ్చుతాను. పుల్ల తడిస్తే ఇంటికి.

అసలు లోతుకు దిగాల్సిన పనే లేదు. నీరు ఎక్కువగా ఉన్నప్పుడు చేప నడిమి వడిని తప్పించుకుని ఒడ్డు వారగా ఎక్కుతుంది. కొత్తవారు చేప ఉన్న చోటే నిలబడి, లేని చోటికి గాలం విసురుతుంటారు. ముందు మీ కాళ్ల దగ్గర వేయండి. నీటి వేడి 4 డిగ్రీల సెల్సియస్‌కు దిగితే చేప బద్ధకిస్తుంది, ఎరను వెంటాడదు. నిదానంగా పారే మడుగుల్లో బెండు కట్టి, ఎర నేలకు జానెడు పైన సాగేలా చూడండి. మసక నీటికి పెద్దవి, గులాబీ, నారింజ రంగులవి; తేటపడ్డాక చిన్నవి. బట్టల్లో నూలు వద్దు, ఉన్ని వేసుకోండి. కారులో పొడి జత ఒకటి ఉంచండి.

లైసెన్సుతో పాటు ముందు రోజు రాత్రి వాషింగ్టన్ రాష్ట్ర చేపల, వన్యప్రాణుల శాఖవారి అత్యవసర నిబంధనలు చూడండి. తెరిచి ఉన్న ఏరు హఠాత్తుగా మూసేస్తారు. ఈ ఏటి నీరు చేరే సముద్రపు చీలిక ప్యుజెట్ సౌండ్; అక్కడి స్టీల్‌హెడ్ 2007 నుంచి రక్షిత జాబితాలో ఉంది. వీపు మీద తోకకు ముందుండే చిన్న రెక్క కత్తిరించి ఉంటే అది పెంపకపు చేప, ఉంచుకోవచ్చు. రెక్క ఉంటే ఫొటో కోసం కూడా నీటి పైకి ఎత్తకుండా వదిలేయాలి. మా ఊరి నుంచి వచ్చిన బావమరిదికి ఇది మింగుడుపడలేదు. ఏడు గంటలు తడిసి పట్టిన చేపను వదలడమేమిటని దారి పొడవునా తిట్టాడు.

పులుసు సంగతి. పనికొస్తుంది, కానీ పులస పద్ధతిలో కాదు. పులసను సన్నసెగన గంటలకొద్దీ ఉడికించి మర్నాడు తింటాం. దీన్ని అలా చేస్తే ముక్క చెదిరి రొట్టె పొడిలా అవుతుంది. చింతపండు రసం, బెండకాయలు, పచ్చిమిర్చి పూర్తిగా మరిగి నూనె పైకి తేలాక ముక్కలు వేసి, ఏడెనిమిది నిమిషాల్లో దించేయండి. గరిటె పెట్టకండి, గిన్నెనే పట్టుకుని తిప్పండి.