డ్రాయింగ్‌కి తెలుగు అడిగిన అమ్మాయికి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ కథా, దాంతోపాటు పెట్టిన ఉత్తరమూ అందాయి. ఒడిశాలో మీ గుణుపురం సంత కథలో బాగా వచ్చింది. చింతపండు బుట్టల దగ్గర సవర గిరిజన ఆడవాళ్ళు మనతో తెలుగులో బేరమాడి, అటు తిరిగి తమలో తాము సవరలో నవ్వుకోవడం చూసినవాళ్ళే రాయగలరు. కథ నడక గురించి తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు అడిగింది వేరు కదా. "మాస్టారూ, డ్రాయింగ్ అన్న ఇంగ్లీషు మాటకి తెలుగులో ఏం రాయాలి? రేఖాచిత్రం అంటే పాఠ్యపుస్తకంలా ఉంది, బొమ్మ అంటే చిన్నపిల్లల మాటలా ఉంది, డ్రాయింగ్ అనే ఉంచేస్తే తెలుగు రాదనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది" అన్నావు.

ఆ టెన్షన్ వదిలెయ్. ఒక మాటకి ఒక మాట కావాలని నిఘంటువు పట్టుకు కూర్చున్నావు, చిక్కంతా అక్కడుంది. నీ కథలో గీసేది ఎవరు, దేంతో, దేని మీద, పక్కన నిలబడి చూసేవాళ్ళు ఏమంటున్నారు? ఇవి తేలితే మాట కోసం వెతుక్కోనక్కర్లేదు.

ముందు ఆ ఇంగ్లీషు మాట సంగతి చూద్దాం. దాని వేరులో ఉన్న అర్థం లాగడం. బావిలోంచి నీళ్ళు లాగినా, ఒరలోంచి కత్తి దూసినా, కిటికీ తెర జరిపినా, బ్యాంకులోంచి డబ్బు తీసినా వాళ్ళకి ఒకటే క్రియ. కాగితం మీద పెన్సిల్ లాగితే పడే గీత కూడా అందులోదే. డ్రాయింగ్ రూమ్‌కీ బొమ్మలకీ చుట్టరికం లేదు. అది భోజనాలయ్యాక పక్కకి తప్పుకుని కూర్చునే విత్‌డ్రాయింగ్ రూమ్. ముందు ముక్క ఊడిపోయి మిగతాది నిలిచింది. బల్ల సొరుగు లాగుతాం కాబట్టి డ్రాయర్. మగాళ్ళు లోపల తొడుక్కునే డ్రాయరు కూడా కాళ్ళ మీంచి పైకి లాక్కునేదే. మన లాగూ సంగతి మాత్రం నేనెత్తను.

అన్ని అర్థాలున్నా మన నోట్లోకి వచ్చినవి కొన్నే. పింఛను డ్రా చేస్తాం, చీరల కొట్టువాడు లక్కీ డ్రా పెడతాడు, క్రికెట్ మ్యాచ్ డ్రా అవుతుంది. 'డ్రాయింగ్' మాత్రం బడి గేటులోంచి వచ్చింది: డ్రాయింగ్ మాస్టారు, డ్రాయింగ్ షీటు, డ్రాయింగ్ పిన్ను. ఆంధ్రాలో డ్రాయింగ్ లోయరు, హయ్యరు అని సర్కారు పరీక్షలే ఉన్నాయి. నీ కథలో ఆయన్ని 'చిత్రలేఖనోపాధ్యాయుడు' అన్నావు. తరగతిలో ఏ పిల్లాడైనా "చిత్రలేఖనోపాధ్యాయుడు వస్తున్నార్రోయ్" అని పరిగెత్తడం ఎప్పుడైనా విన్నావా? ఆయన డ్రాయింగ్ మాస్టారే. ఆ మాట ఈపాటికి తెలుగైపోయింది, దానికి ధ్రువపత్రం అక్కర్లేదు. జేకేపూర్ కాగితం మిల్లులో ఫిట్టరు డ్రాయింగ్ చూసి బిగించాలి అన్నప్పుడు బోల్టులూ కొలతలూ ఉన్న కాగితాన్ని అంటాడు, అక్కడ బొమ్మ అంటే నవ్వుతారు. ఇల్లు కట్టించేవాళ్ళు మళ్ళీ డ్రాయింగ్ అనరు, 'ప్లాను గీయించాం' అంటారు. ట్రెజరీ బిల్లు మీద సంతకం పెట్టే డ్రాయింగ్ ఆఫీసరు జన్మలో ఒక్క బొమ్మ గీసి ఉండడు, ఆయన డ్రా చేసేది సిబ్బంది జీతాలు.

ఇన్ని పనులు ఒక్క ఇంగ్లీషు మాట కింద సర్దుకున్నాయి. తెలుగు అలా సర్దుకోదు, ఏ చెయ్యి ఏం చేస్తోందో చెప్పించుకుంటుంది. బొమ్మ గీస్తాం, వేస్తాం. ముగ్గు పెడతాం, వేస్తాం. గోరింటాకు పెడతాం. కాటుక, తిలకం దిద్దుతాం, అక్షరాలూ దిద్దుతాం. పచ్చబొట్టు పొడిపిస్తాం. నోటుపుస్తకంలో మార్జిను కొడతాం. ఎదురుగా ఉన్న బొమ్మని చూసి ఉన్నదున్నట్టు 'దించేస్తాం', పక్కవాడి జవాబు పేపర్నీ అలాగే దించేస్తాం. సైన్సు ప్రశ్నపత్రం మాత్రం చచ్చినా 'పటం గీసి భాగములను గుర్తించుము' అనే అంటుంది, పిల్లలు దానికి డయాగ్రమ్ వేస్తారు. అమ్మకి నచ్చకపోతే "ఏటా గీకుడు?" అంటుంది. గీయడం, గీకడం రెంటి మధ్యా ఉన్నది ఒక్క అక్షరం. నీ కథలో తల్లి కోపం చూపించడానికి అరపేజీ ఖర్చుపెట్టావు. ఆ ఒక్క క్రియ ఆవిడ నోట పెడితే సరిపోయేది.

గీయడం ఎంత దూరం పోతుందో చూడు. అగ్గిపుల్ల గీస్తాం, గడ్డం గీస్తాం, తాటిచెట్టు గీస్తాం. కల్లు గీసేవాళ్ళని గీత కార్మికులు అంటాం. తెల్లదొరల కాలపు ఇంగ్లీషులో వాళ్ళని 'టాడీ డ్రాయర్' అన్నారు. అక్కడా డ్రాయే, ఇక్కడా గీతే! వాళ్ళు కల్లు బయటికి లాగడం చూశారు, మనవాళ్ళు కత్తి గెల మీద గీయడం చూశారు. రాయగడ దాటి కొండల్లోకి వెళితే తాడి స్థానంలో జీలుగు వస్తుంది, ఒడియాలో దాన్ని సలప అంటారు. నీ రెండో కథలో జీలుగు చెట్టు ఉందన్నావు కాబట్టి చెబుతున్నా, అక్కడ 'కల్లు సేకరిస్తున్నాడు' అని మాత్రం రాయకు.

బాపు బొమ్మ అన్నది కూడా గమనించు. అందమైన పిల్ల కనిపిస్తే 'బాపు బొమ్మలా ఉంది' అంటారు గాని బాపు డ్రాయింగ్‌లా ఉంది అని ఎవరూ అనరు. బొమ్మ చిన్నపిల్లల మాట అని భయపడ్డావు. కొండపల్లి బొమ్మా బొమ్మే, సినిమా ఆడకపోతే 'బొమ్మ పోయింది' అనేదీ ఆ బొమ్మనే. మన శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య రంగుల్లో వేసిన చందమామ అట్టలని మాత్రం పెయింటింగులు అంటారు, ఎందుకంటే అక్కడ కన్ను ముందు రంగు మీద పడుతుంది. బాపు దగ్గర గీత మీద పడుతుంది.

నీ కథలో నాకు బాగా నచ్చిందీ, నువ్వు గబగబా దాటేసిందీ ఒకటుంది. మార్గశిర గురువారం తెల్లారుజామున పక్కపక్క ఇళ్ళ ముందు తెలుగావిడా, ఒడియావిడా. 'ఇద్దరూ రంగవల్లులు తీర్చిదిద్దుతున్నారు' అని ఒక్క వాక్యంతో ముగించేశావు. అమ్మాయ్, ఆ రెండు చేతులు ఒకటి కాదు! మనావిడ పొడి ముగ్గు చిటికెలో పట్టి, బొటనవేలూ చూపుడువేలూ నలుపుతూ, నేలకి చెయ్యి తగలకుండా కాస్త పైనుంచి వదులుతుంది. చుక్కలు ముందు, గీత తర్వాత. లెక్క తప్పితే కాలితో చెరిపేసి మళ్ళీ పెడుతుంది. ఒడియావిడ బియ్యం నానబెట్టి రుబ్బిన పిండి గిన్నెలో వేళ్ళు ముంచి, నేలకి ఆనించే గీస్తుంది. పిండి వేలి వెంట జారుతుంది, తడిగా ఉన్నప్పుడు సరిగా కనబడదు, ఆరాక తెల్లగా తేలుతుంది. దాన్ని వాళ్ళు ఝోటి అంటారు. లక్ష్మీదేవి పాదాలు వీధిలోంచి లోపలికి వస్తున్నట్టు వేస్తారు, వరి కంకులు వేస్తారు, చుక్కల లెక్క ఉండదు. ముగ్గు రాలుతుంది, ఝోటి జారుతుంది. ఇది రాస్తే పర్లాకిమిడి వీధి వచ్చేస్తుంది. రంగవల్లులు తీర్చిదిద్దడం తెనాలిలోనూ ఉంది, తిరుపతిలోనూ ఉంది.

నీ కథలో కుర్రాడు ఒడియా మీడియంలో చదువుతున్నాడు. ఇంట్లో బొమ్మ, బళ్ళో మాస్టారితో 'ఛబి', 'ఆంకిబా'. ఈ రెండు భాషల పిల్లలూ ఒకచోట ఆడుకునేటప్పుడు వాళ్ళ మధ్య నడిచేది డ్రాయింగే, ఎవరికీ విడమరచనక్కర్లేదు. సరిహద్దు ఊళ్ళలో ఇంగ్లీషు మాట గొప్ప కోసం కాదు, ఇద్దరికీ తెలిసింది కాబట్టి బతుకుతుంది. అందుకని కుర్రాడి నోట 'డ్రాయింగ్' తీసెయ్యకు. 'డ్రాయింగ్ రూమ్'లు మాత్రం దయచేసి తీసెయ్. రెండు గదుల రేకుల ఇంట్లో డ్రాయింగ్ రూమ్ ఎక్కడిదే? పాత వారపత్రికల సీరియల్స్ చదివిన అలవాటది. ముందుగది అను, హాలు అను.

ఇక అసలు చోటు. జబ్బుపడ్డ మనవడి కోసం సవర తాత లోపలి గోడ మీద గీస్తాడు కదా, అక్కడ 'గిరిజన రేఖాచిత్రకళ' అన్నావు. దాన్ని సవరలు ఇడిటల్ అంటారు, ఇట్టల్ అని కూడా వింటాం. మన సీతంపేట వైపు ఎడిసింగ్ అంటారు. ఆ పేర్ల మొదట్లో ఉన్న క్రియకి సవరలో రాయడం అనీ గీయడం అనీ రెండర్థాలూ ఉన్నాయి. అది వాళ్ళ వింతేం కాదు. పాత తెలుగులో చిత్తరువు 'వ్రాసేవారు', శ్రీకాళహస్తి కలంకారీని ఇప్పటికీ వ్రాతపని అంటారు. పురాణంలో బాణాసురుడి కూతురు ఉష కలలో చూసిన కుర్రాడెవరో తేల్చడానికి రాజకుమారులందరి రూపాలూ వేసి చూపించిన చెలికత్తె పేరే చిత్రలేఖ.

ఇడిటల్ అలంకారం కోసం వేసేది కాదు. ఇంట్లో జబ్బు చేసినా, పురుడు వచ్చినా, పంట చేతికొచ్చినా, పోయిన పెద్దలకీ దేవతలకీ చోటివ్వడానికి వేస్తారు. గోడని ఎర్రమట్టితో అలుకుతారు. బియ్యప్పిండి కలిపిన తెలుపుతో, కొస నలగ్గొట్టిన పుల్లతో గీస్తారు. ముందు చుట్టూ ఒక చట్రం, అది ఇల్లు. లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, సూర్యచంద్రులు. కాలం మారేకొద్దీ సైకిలూ విమానమూ కూడా ఎక్కాయి. అవే మనుషులూ గుర్రాలూ ఇప్పుడు చీరల మీద, కాన్వాసుల మీద, ఊళ్ళ ప్రహరీ గోడల మీద కనిపిస్తున్నాయి. అక్కడ సౌరా, అంటే సవర, పెయింటింగ్ అంటే తప్పులేదు, అది అమ్మకానికి వచ్చింది. తాత గోడ మీదున్నది వేరు. దాని ముందు పూజ జరుగుతుంది.

నీ కథకి ప్రాణం ఇక్కడే ఉంది, నువ్వు గుర్తించలేదు. మనవడు బళ్ళో షీటు మీద డ్రాయింగ్ వేసి మార్కులు తెచ్చుకుంటున్నాడు. మంచం మీంచి తాతని చూసి "తాతా, నువ్వు కూడా డ్రాయింగ్ వేస్తున్నావా?" అంటాడు. తాతకి ఆ మాట తెలియదు. తెలియక ఏమంటాడు? ఏమీ అనకుండా గుర్రం కాళ్ళు పూర్తి చేస్తాడా? అది నువ్వే తేల్చుకోవాలి. కాని ఆ సంభాషణ జరగాలంటే ఆ పిల్లాడి నోట డ్రాయింగ్ ఉండాలి, కథ చెప్పే నీ గొంతులో అక్కడ ఆ మాట ఉండకూడదు. ఇద్దరికీ కలిపి రేఖాచిత్రం అని రాశావు, దాంతో తాతా మనవళ్ళ మధ్య ఉన్న ఎడం కనపడకుండా పోయింది.

ఇలా మనుషుల నోటి మాట విని రాసుకునే పని చేసిన పెద్దమనిషి ఒకాయన మన ఊళ్ళో ఉండేవాడు. గిడుగు రామమూర్తి పంతులు ఇక్కడ రాజావారి బళ్ళో పాఠాలు చెప్పుకుంటూ, సవరని ఇంట్లో పెట్టుకుని, ఆ భాష నోటివెంట విని నేర్చుకున్నాడు. 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు అచ్చయ్యాయి. మధ్యలో 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది, ఆయన రాజమండ్రి వెళ్ళిపోయాడు. వాడుక భాష కోసం పండితులతో పోట్లాడిన మనిషికి ఆ చెవి సవరల దగ్గర కూర్చోవడం వల్లే మరింత పదునెక్కిందని నా నమ్మకం. నువ్వు నిఘంటువు రాయనక్కర్లేదు గాని, గుణుపురంలో ఉండి కూడా సవర పేర్లు ఇంటర్నెట్‌లో చూసి రాస్తే నాకు కోపం వస్తుంది. సంతకి వచ్చేవాళ్ళనే అడుగు. గోడ అలకడానికి, పుల్ల నలగ్గొట్టడానికి వాళ్ళ ఊళ్ళో ఏమంటారో విని రాసుకో. ఒక ఊరి మాట ఇంకో ఊళ్ళో ఉండకపోవచ్చు, నీ కథ ఏ ఊరిదో ఆ ఊరి మాటే వాడు.

'ఆదివాసీ కళావైభవం' అని మొదలయ్యే పేరా మొత్తం కొట్టెయ్. ఆ పేజీ తాత మట్టి కలపడం దగ్గర ఎత్తుకో. డ్రాయింగ్ మాస్టారి పేరు ఎక్కడా చెప్పలేదు, మంచిదే, అలాగే ఉంచు. తిరగరాసింది దసరా సెలవుల్లోగా పంపితే ఓపిగ్గా చూస్తాను. చేత్తోనే రాసేటట్టయితే కాగితానికి ఒక పక్కే, ఎడంగా రాయి. నాకు చత్వారం ముదిరింది, నీ అక్షరాలేమో చీమల బారు. అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ మాస్టారు