మతాచారాన్ని విమర్శిస్తే కేసవుతుందా?

ప్రశ్న: కడపలో మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మతాచారం తప్పని రాశాను. కేసు పెడతామంటున్నారు. నిలుస్తుందా?

ఫిర్యాదు ఎవరైనా ఇవ్వొచ్చు, అది నిలబడటం వేరే సంగతి. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ (2024 జులైకి ముందు ఐపీసీ 295ఎ) కింద నేరం కావాలంటే, ఒక వర్గం మతభావాలను గాయపరచాలని బుద్ధిపూర్వకంగా, దురుద్దేశంతో అవమానించి ఉండాలి. శిక్ష మూడేళ్ల వరకు. ఆ ఉద్దేశం లేకుండా దొర్లిన మాట దీని కిందికి రాదని సుప్రీంకోర్టు 1957లోనే చెప్పింది.

చిక్కంతా ఆచారాన్ని వదిలి మనుషుల మీదికి పోయినప్పుడే. "నిప్పులగుండం తొక్కడం ప్రమాదం" అనేది అభిప్రాయం. "తొక్కేవాళ్లంతా ఇట్లాంటోళ్లే" అంటే, వర్గాల మధ్య వైరం పెంచారంటూ 196వ సెక్షన్ కూడా చేరొచ్చు. అసలు మన సీమలో ఆ గీత గీయడమే కష్టం: గూగూడు కుళ్లాయిస్వామి పీర్లకు హిందువులు మొక్కుతారు, ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలు వస్తారు. ఒక మతాన్ని అన్నామనుకుంటే రెండిళ్లకూ తగులుతుంది. అయినా ఆచారాన్ని ప్రశ్నించే హక్కు మాత్రం వదులుకోవద్దు.

మెసేజ్‌ చెరిపేయకండి. ముందూ వెనకా మాటలతో సహా మొత్తం దాచుకోండి, ముక్క స్క్రీన్‌షాట్‌ అర్థాన్నే మార్చేస్తుంది. ఇవి ఏడేళ్ల లోపు శిక్ష పడేవి కాబట్టి సాధారణంగా పోలీసులు ముందు నోటీసు ఇస్తారు. హాజరు కాకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది, వకీలుతో మాట్లాడి తప్పక వెళ్లండి. ఈ రెండు సెక్షన్లకూ ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్టు కేసును విచారణకు తీసుకోదు. అనుమతి ఉత్తర్వు ఉందో లేదో మీ వకీలును మొదటే చూడమనండి.