రీడింగ్ అడిగితే కసురుకుంటోంది.. ఇది మొండితనమా?

ప్రశ్న: మా అమ్మాయికి పదహారేళ్లు. తొమ్మిదో ఏట టైప్-1 డయాబెటిస్ అని తేలింది. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ తీసుకోవాలి. ఇంటర్‌లో చేరినప్పటి నుంచి మధ్యాహ్నం డోసు ఎగ్గొడుతోంది. రీడింగ్ ఎంతని అడిగితే కసురుకుంటోంది. తను చెప్పిన అంకెలకూ గ్లూకోమీటర్‌లో ఉన్నవాటికీ పొంతన లేదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే పరీక్ష) 10 దాటింది. ఇది మొండితనమా, మానసిక సమస్యా?
- ఓ తల్లి, ఖమ్మం

జవాబు: మొండితనం అని నేననుకోను. వేలు గుచ్చుకోవడం, పళ్లెంలో అన్నం ఎంతుందో చూసి యూనిట్లు లెక్కగట్టడం, ఆటకైనా పరీక్షకైనా ముందు షుగర్ పడిపోతుందేమోనని భయపడటం ఏడేళ్లుగా ఒక్క రోజు కూడా విరామం లేకుండా సాగుతున్నప్పుడు ఎవరికైనా విసుగు పుడుతుంది. ఈ అలసటను వైద్యులు ‘డయాబెటిస్ డిస్ట్రెస్’ అంటారు. ఇది డిప్రెషన్ కాదు, అయితే కొందరిలో రెండూ కలిసి ఉండవచ్చు.

దీనికి తోడు, ఈ వయసులో పెరిగే హార్మోన్లు ఇన్సులిన్ పనితనాన్ని తగ్గిస్తాయి కాబట్టి, నిరుడు సరిపోయిన డోసే ఇప్పుడు చాలకపోవచ్చు. తను తప్పేమీ చేయకపోయినా మీటర్‌లో 280 కనిపిస్తుంది, వెంటనే ఇంట్లో ‘ఏం తిన్నావు?’ అన్న ప్రశ్న వస్తుంది. ప్రతి రీడింగూ ప్రోగ్రెస్ కార్డులో మార్కులా మారినప్పుడు పిల్లలు అంకెలు దాచడంలో ఆశ్చర్యం లేదు. ఆ ప్రశ్నకు బదులు ‘ఇప్పుడు ఎన్ని యూనిట్లు వేద్దాం?’ అని అడిగి చూడండి.

కాలేజీలో ఇంజెక్షన్ ఎక్కడ తీసుకుంటోందో కూడా కనుక్కోండి. బాత్రూంలో దాక్కుని వేసుకోవాల్సి వస్తే ఎవరైనా మానేస్తారు. ‘రేపు సంబంధాలు రావు, ఎవరికీ చెప్పకు’ అని పెద్దలు అనే మాట (చాలా ఇళ్లలో వింటూనే ఉన్నాను) పిల్లల్లో తమ జబ్బు సిగ్గుపడాల్సిన విషయమనే భావన నాటుతుంది. ప్రిన్సిపాల్‌తో మాట్లాడి ఒక గది, వెంట గ్లూకోజ్ ఉంచుకునే అనుమతి అడగండి. బరువు పెరుగుతానన్న భయంతో ఇన్సులిన్ మానే అమ్మాయిలూ ఉన్నారు కనుక ఆ విషయం నెమ్మదిగా, నింద లేకుండా కదపండి.

కొన్నాళ్లపాటు ఒక బాధ్యత మీరు తీసుకోండి. ఉదాహరణకు, రాత్రి వేసే లాంగ్ యాక్టింగ్ (ఎక్కువ గంటలు పనిచేసే) ఇన్సులిన్. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే కీటోయాసిడోసిస్ (ఇన్సులిన్ చాలక రక్తంలో ఆమ్లాలు పేరుకుపోయే ప్రమాదకర స్థితి) కావచ్చు కాబట్టి ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి ఉంటే సైకియాట్రిస్టును కలవండి. చావు ప్రస్తావన తెస్తే ఆ రోజే తీసుకెళ్లండి, ఇన్సులిన్ పెన్నులు మీ దగ్గరే ఉంచుకుని డోసు మీరే వేయండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416 నంబరులో తెలుగులో మాట్లాడవచ్చు.

ఈసారి చెకప్‌కు వెళ్లినప్పుడు మీరు కాసేపు బయట కూర్చుని, అమ్మాయిని డాక్టరుతో ఒంటరిగా మాట్లాడనివ్వండి. హెచ్‌బీఏ1సీ లక్ష్యం 7 అయినా, ముందు 10 నుంచి 9కి తగ్గితే చాలని ముగ్గురూ కలిసి ఒప్పుకోండి.