మోకాలి ఆపరేషన్‌కు ముందు మెడ ఎక్స్‌రే ఎందుకంటే

మీ అమ్మగారికి పదిహేనేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం) ఉంది, మోకాలి మార్పిడికి మెడ ఎక్స్‌రే దేనికి, ఇది అనవసరపు ఖర్చేమో అన్నారు. తప్పకుండా తీయించండి. ఆ ఎక్స్‌రే అడిగిన మత్తు డాక్టరు జాగ్రత్తపరులు.

ఈ జబ్బు వేళ్ల కీళ్లను తిన్నట్టే మెడలోని మొదటి రెండు పూసల మధ్య కీలునూ తింటుంది. రెండో పూస నుంచి వేలులా పైకి నిలిచే ఎముకను పట్టి ఉంచే స్నాయువు సడలితే, తల వంచినప్పుడు మొదటి పూస ముందుకు జారి వెన్నుపాము నలగవచ్చు. మత్తులో శ్వాస గొట్టం వేసేటప్పుడు మెడ కదులుతుంది, ఆ సమయంలో కండరాల కాపు ఉండదు. వెన్నులో ఇంజెక్షన్‌తోనే ఆపరేషన్ చేసినా, మధ్యలో గొట్టం అవసరం పడవచ్చు.

నిటారుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో జారుడు కనిపించకపోవచ్చు. తల వంచి ఒకటి, వెనక్కి వాల్చి ఒకటి పక్క నుంచి తీస్తారు. అమ్మగారు తనంతట తాను వంచగలిగినంతే, ఎవరూ నెట్టకూడదు. వేలులాంటి ఆ ఎముకకూ దాని ముందున్న మొదటి పూసకూ మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు దాటితే ఎమ్మారై అడగవచ్చు.

నొప్పి లేకపోయినా ఈ జారుడు ఉండవచ్చు. జాకెట్టు హుక్కులు పెట్టుకోలేకపోతుంటే, వేళ్లు వంకరపోయాయి కదా అని ఇంట్లో సరిపెట్టుకుంటారు (చాలామంది చేసేది ఇదే), కానీ అది వెన్నుపాము నలుగుతున్న గుర్తూ కావచ్చు. దానికితోడు నడక తూలుతున్నా, తల వంచితే వీపు వెంట కరెంటు పాకినట్టున్నా, మూత్రం అదుపు తప్పినా ఆపరేషన్ తేదీ దాకా ఆగవద్దు, వెంటనే చూపించండి. ఈలోగా మెడకు మర్దనలు, విరిపించడాలు పూర్తిగా మానేయండి.