మోడరేటర్ గారి లెటర్ ఉంది కదా, సేల్ డీడ్ రద్దయినట్టేనా?

ప్రశ్న: సార్, మాది ఆంధ్రాలో ఒక చిన్న టౌను, సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘం. మిషన్ దొరల కాలం నాటి కాంపౌండ్ మాది, గుడి, పాత బడి, వెనక సమాధులు అన్నీ అందులోనే. మా తాతగారు, నాయనమ్మ అక్కడే నిద్రిస్తున్నారు. నాలుగేళ్ల కిందట డయాసిస్‌లో (ఒక బిషప్ గారి కింద ఉండే సంఘాల పరిధి) ప్రాపర్టీ వ్యవహారాలు చూసే ఆయన బడి వైపున్న నలభై సెంట్లు ఒక వ్యాపారికి రిజిస్టర్ చేసేశారు. మాకు ఏడాది దాటాక తెలిసింది. పాస్టరేట్ కమిటీ (మా స్థానిక సంఘం కమిటీ) సెక్రటరీగా నేనే సేల్ డీడ్ జిరాక్స్ జతచేసి చెన్నైలో మోడరేటర్ గారికి అర్జీ పెట్టా, అది జరిగి రెండేళ్ల తొమ్మిది నెలలు. ఆయన ఎంతో దయగా మాట్లాడి "ఈ అమ్మకం చెల్లదు, డయాసిస్ వెంటనే రద్దు చెయ్యాలి" అని లెటర్ ఇచ్చారు. డయాసిస్ పట్టించుకోలేదు. మళ్ళీ నాలుగు అర్జీలు పెట్టాం. ఇప్పుడు కొన్నాయన ప్రహరీ కోసం రాళ్లు దింపాడు. మోడరేటర్ అంటే సంఘమంతటికీ పెద్ద కదా, ఆయన ఆర్డర్ ధిక్కరించారని కోర్టు ధిక్కార కేసు వెయ్యొచ్చా? లేదా ఆయన పైన ఇంగ్లండులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌కి రాయమంటారా? మా ఊరి డాక్యుమెంట్ రైటర్ అయితే పాత తేదీతో ఒక కమిటీ తీర్మానం రాసుకుని, మోడరేటర్ లెటర్ జతచేసి, మేమే రద్దు దస్తావేజు రిజిస్టర్ చేయించుకోవచ్చు అంటున్నాడు. దారి చూపించండి.

జవాబు: మీ ఉత్తరం మూడుసార్లు చదివా. సమాధుల గురించి, తాతగారి గురించి రాసింది పక్కన పెడుతున్నా, దాని మీద ఓదార్పు మాటలు రాయడానికి మీకున్న టైం సరిపోదు. మీ కేసుని తేల్చేది మోడరేటర్ గారి లెటర్ కాదు, ఆయనకి మీరు పెట్టిన మొదటి అర్జీ మీద ఉన్న తారీఖు.

ఆ అర్జీకి మీరే సేల్ డీడ్ కాపీ జతచేశారు, కింద మీరే సంతకం పెట్టారు. అంటే ఆ రోజుకి అమ్మకం సంగతి మొత్తం మీకు తెలుసని మీ చేత్తో మీరే రాసిచ్చినట్టు. దస్తావేజు రద్దు చెయ్యమని దావా వెయ్యాలంటే 1963 లిమిటేషన్ యాక్ట్‌లో (దావా వేసే గడువుల చట్టం) ఆర్టికల్ 59, సంగతి తెలిసిన రోజు నుంచి మూడేళ్లు. మీరు ఆ దస్తావేజు మీద సంతకం చేసినవాళ్లు కాదు కాబట్టి రద్దు అడక్కుండా "ఇది మా మీద చెల్లదు" అని కోర్టు ప్రకటన, అంటే డిక్లరేషన్, అడిగితే చాలు అని ఎవరైనా అంటే అదీ నిజమే, కానీ దానికి ఆర్టికల్ 58, అక్కడా మూడేళ్లే, అది కూడా హక్కు మొట్టమొదట పుట్టిన రోజు నుంచి. ఆ "మొట్టమొదట" అన్న మాట ఊరికే పెట్టలేదు. 2011లో ఖత్రీ హోటల్స్ కేసులో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది, తర్వాత మళ్ళీ మళ్ళీ అన్యాయం జరిగినంత మాత్రాన లెక్క కొత్తగా మొదలవ్వదు అని. కాబట్టి రాళ్లు మొన్ననే దింపాడు, ఇప్పటి నుంచి మూడేళ్లు ఉంటుంది అనుకోకండి. అవతలి లాయరు మీ అర్జీనే తెచ్చి జడ్జిగారి ముందు పెడతాడు. ఇంకా గట్టివాడైతే రిజిస్ట్రేషన్ రోజు నుంచే లెక్కపెట్టమని వాదిస్తాడు, దానికి కూడా మీరు జవాబు చెప్పుకోవాలి. నా లెక్కలో మీకు ఉన్నది మూడు నెలలు, అది కూడా పూర్తిగా ఉందని నమ్ముకోవద్దు.

ఆ తర్వాత పెట్టిన నాలుగు అర్జీలు, చెన్నై ప్రయాణాలు, ఎదురుచూపులు, వీటిలో ఒక్క రోజు కూడా లిమిటేషన్‌లోంచి తీసెయ్యరు. అదే చట్టంలో సెక్షన్ 14 ఉంది కదా అంటారేమో, అది పొరపాటున పవర్ లేని కోర్టులో నిజాయితీగా కేసు నడుపుకున్న వాళ్లకి. సినడ్ (సీఎస్ఐ మొత్తానికి పైసభ) ఆఫీసు కోర్టు కాదు. మీరు సెక్రటరీగా ఉండి ఇంత పద్ధతిగా లెటర్‌హెడ్ మీద అర్జీలు రాసినవారు ఈ మూడేళ్లలో ఒక్కసారి కూడా ఒక లాయర్ దగ్గరికి వెళ్లలేదంటే నాకు కోపం వస్తుంది, చెప్పకుండా ఉండలేను. సంఘం సొత్తు మీ చేతిలో పెట్టినప్పుడు అర్జీ పెట్టి కూర్చోవడం బాధ్యత తీరినట్టు కాదు.

ఇక మోడరేటర్ గారి సంగతి, ఎందుకంటే మీ గందరగోళమంతా అక్కడే ఉంది. సీఎస్ఐ 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సెయింట్ జార్జెస్ కెథడ్రల్‌లో మొదలైంది, ఆంగ్లికన్లు, మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి వాళ్లు కలిసి. మోడరేటర్ ఆ సంఘానికి పోపు కాదు. బిషప్పుల్లోంచే ఒకరిని సినడ్ ఎన్నుకుంటుంది, ఆ కాలం అయిపోయాక ఆ కుర్చీ ఇంకొకరిది. సినడ్‌కి అధ్యక్షత వహిస్తారు, కొత్త బిషప్పుల అభిషేకం నడిపిస్తారు, బిషప్ లేని డయాసిస్‌కి కమిషరీ (బదులుగా చూసుకునే ప్రతినిధి) వస్తే అది మోడరేటర్ తరఫునే. ప్రపంచ ఆంగ్లికన్ కుటుంబంలో మన సంఘం తరఫున ప్రైమేట్ (సభ్య సంఘపు ముఖ్య బిషప్) హోదాలో కూర్చునేదీ ఆయనే. పెద్ద పదవి, గౌరవించాల్సిన పదవి. కానీ మీ కాంపౌండ్‌కి ఆయన ఓనర్ కాదు, జడ్జి అంతకంటే కాదు. చర్చిలో క్రమశిక్షణకి చర్చి కోర్టులు ఉన్నాయి, తప్పు చేసినవాళ్లని పదవిలోంచి తియ్యొచ్చు, కానీ రిజిస్టర్ అయిన సేల్ డీడ్‌ని కొట్టేసే పవర్ వాటికి లేదు. కోర్టు ధిక్కారం అంటే కోర్టు ఇచ్చిన ఆర్డర్‌ని ధిక్కరించడం, 1971 చట్టం దానికే. ఒక మత పెద్ద లెటర్‌ని పట్టించుకోలేదని ఆ కేసు వేస్తే మొదటి రోజే కొట్టేస్తారు, మీ మూడు నెలల్లో ఒక నెల దానికే పోతుంది. హైకోర్టులో రిట్ వేద్దాం అని కూడా ఎవరో ఒకరు అంటారు, డయాసిస్ ప్రభుత్వ సంస్థ కాదు, ప్రైవేటు ఆస్తి తగాదాకి రిట్ పనికిరాదు.

కాంటర్‌బరీ మాట అయితే ఇంకా దూరం. ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో ఒక్కో సభ్య సంఘం దేనికదే స్వతంత్రం, కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ది సమానుల్లో మొదటి స్థానం మాత్రమే. 1867 నుంచి జరుగుతున్న లాంబెత్ కాన్ఫరెన్సులు గానీ ప్రైమేట్ల సమావేశాలు గానీ మాట్లాడుకోవడానికి, సలహాలకి. అక్కడి నుంచి ఉత్తరం వచ్చినా మీ ఊరి సబ్ రిజిస్ట్రార్‌కి అది కాగితమే.

అసలు ఆ మోడరేటర్ పదవి తగాదా కూడా కోర్టుకే వచ్చింది చూడండి. సినడ్ ఎన్నికల మీద కేసులు పడి 2024లో మద్రాస్ హైకోర్టు ఇద్దరు రిటైర్డ్ జడ్జిల్ని అడ్మినిస్ట్రేటర్లుగా వేసింది, ఆ గొడవ సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. మత సంబంధమైన పదవి మీద గానీ ఆస్తి మీద గానీ హక్కు తగాదా వస్తే అది సివిల్ దావానే అని సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 9 వివరణలోనే ఉంది. మీ తలుపు కూడా అదే.

మరి ఓనర్ ఎవరు? మీ కేసుకి బలం ఇక్కడుంది. సీఎస్ఐ ఆస్తులు పెట్టుకోవడానికి ఒక కంపెనీ ఉంది, సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్, అందరూ సీఎస్ఐటీఏ అంటారు, అదీ 1947లోనే కంపెనీల చట్టం కింద లాభాపేక్ష లేని కంపెనీగా రిజిస్టర్ అయింది. మిషన్ ఆస్తులు చాలావరకు దాని పేరుకి వచ్చాయి. బిషప్ గారైనా, డయాసిస్ ఆఫీసర్ అయినా ఆ కంపెనీ ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉంటేనే, ఆ పవర్‌లో అమ్మే అధికారం రాసి ఉంటేనే సంతకం పెట్టాలి. మీరు పంపిన కాపీలో అమ్మినవారి పేరు చోట "డయాసిస్ తరఫున ప్రాపర్టీ సెక్రటరీ" అని ఉంది. సీఎస్ఐటీఏ పేరు లేదు, పవర్ నంబరు లేదు, తారీఖు లేదు, కమిటీ తీర్మానం ఊసే లేదు. తనది కానిది, తనకి అధికారం లేనిది ఎవరు అమ్మినా కొన్నవాడికి ఏమీ రాదు. అయితే మీ కాంపౌండ్ నిజంగా సీఎస్ఐటీఏ పేరు మీదే ఉందా, పాత మిషన్ సొసైటీ పేరు మీదే ఆగిపోయిందా అనేది మీరు చూశారా? ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఇరవై పేజీల అర్జీలు రాసి మూల దస్తావేజు ఎవరి పేరు మీద ఉందో చూసుకోకపోతే ఎలా అండీ.

ఇప్పుడు ఆ డాక్యుమెంట్ రైటర్ చెప్పినదాని గురించి. చెయ్యకండి. మళ్ళీ చెప్తున్నా, చెయ్యకండి. మన ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషన్ రూల్స్ ప్రకారం సేల్ డీడ్ రద్దు దస్తావేజు రిజిస్టర్ కావాలంటే రాసిచ్చినవాళ్లు, రాయించుకున్నవాళ్లు ఇద్దరూ రావాలి, లేదా కోర్టు ఆర్డర్ ఉండాలి. 2010లో తోట గంగాలక్ష్మి కేసులో సుప్రీం కోర్టు ఒక పక్కవాళ్లు రాసుకున్న రద్దు దస్తావేజు చెల్లదని తేల్చింది, అది మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసే. అందులో మీరు అమ్మినవాళ్లు కూడా కాదాయె. ఇక పాత తేదీ వేసి తీర్మానం రాయడం అంటే దొంగ పత్రం తయారుచెయ్యడం, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 336, దాన్ని నిజమైనదిగా వాడితే సెక్షన్ 340. మినిట్స్ బుక్కులో పేజీల వరస, సిరా, ఆ రోజు హాజరైనవాళ్లు, అయ్యగారి సంతకం, అన్నీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో బయటపడతాయి. మీ అసలు మినిట్స్ బుక్కు ఈ కేసులో మంచి సాక్ష్యం, ఒక్క దొంగ పేజీ పెడితే మిగతా పేజీల్ని కూడా ఎవరూ నమ్మరు. నిజం మీ వైపు ఉన్న కేసులో ముద్దాయిలుగా నిలబడాల్సి వస్తుంది.

చెయ్యాల్సింది ఇది. సంఘంలో పేరున్న ఇద్దరో ముగ్గురో వాదులుగా, మిగతా సంఘస్థులందరి తరఫున సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 కింద కోర్టు పర్మిషన్ అడుగుతూ దావా వెయ్యండి. సేల్ డీడ్ సీఎస్ఐటీఏ మీద, సంఘం మీద చెల్లదని డిక్లరేషన్, ప్రహరీ కట్టకుండా, సంఘం స్వాధీనంలో జోక్యం చేసుకోకుండా పర్మనెంట్ ఇంజంక్షన్ (ఆపమని కోర్టు ఆర్డర్), దానితోపాటే అదే కోడ్‌లో ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్. డిక్లరేషన్ ఒక్కటే అడిగి వదిలేస్తే స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్ సెక్షన్ 34 అడ్డొస్తుంది, అడగగలిగిన మిగతా రిలీఫ్ అడక్కపోతే డిక్లరేషన్ ఇవ్వరు. కొన్నాయన, అమ్మినాయన, డయాసిస్, సీఎస్ఐటీఏ నలుగురూ ప్రతివాదులుగా ఉండాలి, సీఎస్ఐటీఏ లేకుండా దావా నిలబడటం కష్టం. సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 92 కింద జిల్లా కోర్టులో వెయ్యమని కొందరు లాయర్లు చెప్తారు, అది ట్రస్టు నడిపేవాళ్ల మీద లెక్కలు, తొలగింపు లాంటి వాటికి, ముందుగా కోర్టు లీవ్ (అనుమతి) కావాలి, బయటి కొనుగోలుదారు మీద మీకు కావలసిన రిలీఫ్ అందులో రాదు. తర్వాత వేసుకోవచ్చు, ఇప్పుడు కాదు. పన్నెండేళ్ల టైం ఉంది కదా అని ఎవరైనా అంటే అది స్వాధీనం పోయినవాళ్లు టైటిల్ మీద తిరిగి తీసుకునే లిమిటేషన్ యాక్ట్ ఆర్టికల్ 65, దాన్ని చూసుకుని డిక్లరేషన్ గడువు వదులుకోవద్దు. దావా పడితే ఆ తర్వాత ఆయన ఎవరికి అమ్మినా ట్రాన్స్‌ఫర్ ఆఫ్ ప్రాపర్టీ యాక్ట్ సెక్షన్ 52 వల్ల ఆ కొత్తవాళ్లు కూడా కోర్టు తీర్పుకి కట్టుబడాలి, ఇది చిన్న లాభం కాదు.

మోడరేటర్ గారి పదవి మీకు నిజంగా పనికొచ్చేది సాక్ష్యం దగ్గర. ఆయన ఆఫీసుకి ఈసారి న్యాయం చెయ్యమని, కనికరించమని రాయకండి. ఒకే ఒక్కటి అడగండి, ఫలానా తారీఖు నాటికి ఫలానా సర్వే నంబరు అమ్మడానికి సీఎస్ఐటీఏ కమిటీ తీర్మానం ఉందా, ఫలానా వ్యక్తికి పవర్ ఇచ్చిందా అని రాతపూర్వకంగా చెప్పించమని. లేదు అని సీఎస్ఐటీఏ కోర్టులో అఫిడవిట్ వేస్తే మీ కేసు సగం అయిపోయినట్టే. ఇప్పుడు మీ దగ్గరున్న లెటర్‌ని కూడా ఫైల్ చెయ్యండి, ఒరిజినల్ కవరుతో సహా, సంఘ పెద్దలు ఒప్పుకోలేదు అనడానికి అది పనికొస్తుంది, అంతకుమించి ఆశించకండి. జవాబు వచ్చేదాకా దావా ఆపొద్దు.

కాగితాలు: సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీ ఎవరడిగినా ఇస్తారు, జిరాక్స్ మీద కేసు నడపలేం. 1947 ముందు నుంచి ఇప్పటిదాకా దొరికినంత ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తియ్యండి. పవర్ ఆఫ్ అటార్నీ ఒకవేళ ఉంటే అది సాధారణంగా రిజిస్ట్రేషన్ ఆఫీసు నాలుగో పుస్తకంలో ఉంటుంది, రిజిస్ట్రేషన్ యాక్ట్ సెక్షన్ 57 వల్ల మీకు నేరుగా కాపీ ఇవ్వరు, కోర్టు ద్వారా తెప్పించాలి, మీ లాయరుకి ఇప్పుడే చెప్పండి. మూల దస్తావేజు ముప్పై ఏళ్లు దాటినది కాబట్టి సరైన చోటు నుంచి వస్తే సంతకాలు రుజువు చేసే బాధ తగ్గుతుంది. బాప్తిస్మం, పెళ్లి రిజిస్టర్లు, పన్ను రసీదులు, సమాధుల ఫోటోలు తెచ్చుకోండి. తాతగారి సమాధి మీద తారీఖు చెక్కి ఉంటే దాన్ని ఫోటో తీయించండి, ఆ కాంపౌండ్ ఎన్నేళ్లుగా సంఘం వాడకంలో ఉందో చెప్పేది అదే. వాట్సాప్ మెసేజ్‌లు ఉంటే ఫోన్ మార్చకండి, సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక వాదులుగా ఎవరుంటారో పేర్లు తేల్చి, నిజమైన తారీఖుతో మినిట్స్ బుక్కులో తీర్మానం రాసుకోండి. సోమవారం పొద్దున రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టి, అటునుంచి అటే మీ కోర్టులో సివిల్ చూసే లాయర్ దగ్గరికి మొదటి అర్జీ అక్నాలెడ్జ్‌మెంట్‌తో వెళ్లండి, తారీఖు ఆయన కళ్లతో చూడాలి.