మీ అన్నయ్య ఏం తయారుచేస్తాడు?

నాయనా,

నీ కథ అందింది. రెండుసార్లు చదివాను. మొదటిసారి కళ్ళు తడిశాయి, రెండోసారి తడవలేదు. ఎందుకు తడవలేదో నీకు చెప్పాలనే ఈ ఉత్తరం.

తల్లి రైలు దిగుతుంది. దూరాన పొగగొట్టాలు కనిపిస్తాయి, ఆమెకి దుఃఖం ముంచుకొస్తుంది. కొడుకు క్వార్టర్స్‌లో ఒక మంచం, గోడకి అమ్మవారి కేలండరు, ఖాళీ ఫ్రిజ్. సాయంత్రం ఇద్దరూ సముద్రం ఒడ్డున మాటల్లేకుండా కూర్చుంటారు. ఆ ఖాళీ ఫ్రిజ్‌లో తల్లి నిమ్మకాయ పచ్చడి సీసా పెట్టి తలుపు మూసే చోటు చాలా బావుంది, దాన్ని మాత్రం కదపకు. కానీ పన్నెండు పేజీలు చదివాక కూడా ఆ ఫ్యాక్టరీలో ఏం తయారవుతుందో నాకు తెలియలేదు. ఆ సముద్రం ఏ ఊరి సముద్రమో తెలియలేదు. మా అన్నయ్య ఉద్యోగం చేసే చోటుకి అమ్మతో వెళ్ళొచ్చాక రాశానని కింద రాశావు. మీ అన్నయ్య ఏం తయారుచేస్తాడు నాయనా?

తప్పు పట్టడానికి అడగడం లేదు. ఇదే మాట నన్నడిగితే ఆరేళ్ళపాటు నా దగ్గరా జవాబు లేదు. మా అమ్మాయి గుజరాత్‌లో, మిఠాపూర్‌లో ఇంజనీరు. చుట్టాలు అడిగితే "కెమికల్ కంపెనీలో" అనేదాన్ని. వాళ్ళు తలూపేవారు, అక్కడితో అయిపోయేది. రోజూ ఫోన్‌లో అడిగేది కూడా ఒకటే, తిన్నావా, పడుకున్నావా అని. కథల్లో కూలివాళ్ళ చేతులు, చేనేత మగ్గాలు ఎంతో శ్రద్ధగా రాసిన దాన్ని, కన్నకూతురు ఎనిమిది గంటలు ఎక్కడ నిలబడుతుందో కనుక్కోలేదు. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధగానే ఉంటుంది.

సంక్రాంతికి తనకి సెలవు దొరకలేదు. అరిసెలు డబ్బాలో సర్దుకుని నేనే బయల్దేరాను. రెండు రాత్రులు రైల్లోనే. ద్వారక దాటాక కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ ఉప్పుమళ్ళు. నేను పుట్టి పెరిగింది చినగంజాంలో, మా నాన్న ఉప్పు కొఠార్లలో గుమాస్తా. తెల్లటి కుప్పలూ, మడి గట్లూ, నీళ్ళలో మెరిసే ఎండా నాకు కొత్తేమీ కాదు. కానీ ఇవి కనుచూపు మేర ఉన్నాయి. ఒక మడిలో ఫ్లెమింగోలు, పులికాట్‌లో చూసినవే, తలలు నీళ్ళలోకి ముంచి మేస్తున్నాయి. గుజరాతీలో ఉప్పుని మీఠుఁ అంటారట, అంటే తియ్యనిది అని. మిఠాపూర్ అంటే ఉప్పు ఊరు. మన ఇళ్ళలో దీపాలు పెట్టాక ఉప్పు బదులివ్వరు, వీళ్ళు దాన్ని తియ్యటి పేరుతో పిలుచుకుంటారు. ఇలాంటిది కనిపిస్తే జేబులో వేసుకో, ఎప్పుడో ఒకప్పుడు అక్కరకొస్తుంది.

వానలు తక్కువ పడే నేల అది. ఎండ, గాలి, సముద్రం ఉన్నాయి కాబట్టి అక్కడ ఉప్పు పండింది, ఉప్పు ఉంది కాబట్టి 1939లో టాటా కెమికల్స్ మొదలైంది. మన వంటింట్లో చిరిగిన ప్యాకెట్‌కి రబ్బరు బ్యాండు వేసి పెట్టుకునే టాటా ఉప్పు 1983లో బజారుకొచ్చింది ఆ ఊరినుంచే. నీ కథలో తల్లి వంటింట్లో కూడా కొడుకు చేతిమీదుగా వెళ్ళిన వస్తువేదో ఒకటి ఉండే ఉంటుంది. వెతికితే దొరుకుతుంది.

ప్లాంటు లోపలికి నేను వెళ్ళలేదు. అడగను కూడా లేదు. అలాంటి చోట్లు చుట్టపుచూపుగా తిరిగేవి కావు. గేటు దాకా వెళ్ళి, అమ్మాయి హెల్మెట్ పెట్టుకుని లోపలికి పోతుంటే చూసి వెనక్కొచ్చాను. చూడనిదాన్ని ఎలా రాయాలని నీ ఉత్తరంలో అడిగావు. చూడలేదని ఒప్పుకుని, చూసినవాళ్ళని అడిగి రాయాలి. వేరే దారి నాకు తెలీదు.

ఆ సాయంత్రం వంటింట్లో కూరగాయలు తరుగుతూ అడిగాను, "అసలు నువ్వు చేసేదేమిటే?" అని. అమ్మాయి మొదట నవ్వింది. తర్వాత కరెంటు బిల్లు వెనక బొమ్మ గీసింది. ఉప్పునీళ్ళలో అమోనియా కలుపుతారు. ఆ నీళ్ళు ఎత్తైన టవర్ పైనుంచి కిందికి దిగుతుంటాయి. సున్నపురాయిని బట్టీలో కాలిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ కిందనుంచి పైకి ఎక్కుతుంటుంది. "గోలీ సోడాలో గ్యాస్ ఎక్కిస్తారు చూడు, అలాగే అమ్మా, కాకపోతే ఇక్కడ నీళ్ళలోంచి తెల్లటి పొడి విడిపోతుంది." ఆ పొడి మన వంటసోడా. దాన్ని వేడి చేస్తే సోడా యాష్, బట్టల సోడా. గాజు చెయ్యాలన్నా, బట్టల పౌడర్ చెయ్యాలన్నా అది కావాలి. అమోనియాని పారబొయ్యరు, బట్టీలో మిగిలిన సున్నంతో దాన్ని మళ్ళీ రాబట్టి మొదటికి పంపిస్తారు. 1860ల్లో బెల్జియంలో సాల్వే అనే ఆయన కుదిర్చిన పద్ధతి ఇది.

ఇంతవరకూ పుస్తకాల్లో దొరుకుతుంది. దొరకనిది తర్వాత చెప్పింది. ఆ పొడి టవర్ లోపల పేరుకుపోతుందట, అన్నం అడుగంటినట్టు. పేరుకున్నకొద్దీ గ్యాస్ సరిగ్గా ఎక్కదు. అందుకని ఒక్కొక్క టవర్‌నీ వంతులవారీగా పనిలోంచి తప్పించి కడుగుతారు. సి షిఫ్ట్‌లో, అంటే రాత్రి షిఫ్ట్‌లో, టవర్ మార్చాల్సి వస్తే తనకి టెన్షన్‌గా ఉంటుందంది. స్క్రీన్ మీద అంకెలు బాగానే ఉన్నా ఒకసారి బయటికెళ్ళి పైపు పక్కన నిలబడి చప్పుడు విని వస్తుందట. అచ్చం మా నాన్నే గుర్తొచ్చాడు. మడిలో నీళ్ళు ఎన్ని డిగ్రీలకి చిక్కబడ్డాయో చూడ్డానికి ఆయన దగ్గర బోమె మీటరు ఉండేది. సముద్రపు నీళ్ళు 3 చూపిస్తాయి, 25 దాటాక ఉప్పు పడుతుంది. మీటరు చూశాక కూడా ఆయన రెండు వేళ్ళు నీళ్ళలో ముంచి, బొటనవేలితో రాసి చూసి, అప్పుడు పుస్తకంలో రాసుకునేవాడు. ఆ సంగతి చెప్పాను. అమ్మాయి గరిట పక్కన పెట్టి, "తాతయ్య ఉప్పు దగ్గర ఆగాడు, మేం ఉప్పు దగ్గర మొదలుపెడతాం" అంది. ఆమె పుట్టకముందే పోయాడాయన.

నేను ఏడ్చింది అప్పుడు. పొగగొట్టాలు చూసి కాదు. నీ కథలో తల్లి మొదటి పేజీలోనే ఏడ్చేసింది, దేనికోసం ఏడుస్తోందో తెలియకుండా. ఆమెకి ముందు ఏదైనా తెలియనివ్వు. మీ అన్నయ్య చేత ఒక కాగితం మీద బొమ్మ గీయించు. పనిచోట వాళ్ళు వాడే మాటలు అవే మాటలుగా రాసుకో. టవర్‌ని స్తంభం చెయ్యకు, వాల్వుకి తెలుగు వెతకకు. వాళ్ళ నోట్లో అరిగి అరిగి ఆ మాటలు ఎప్పుడో తెలుగైపోయాయి. ఇంకొకటి, గొట్టాల్లోంచి వచ్చే తెల్లటిదంతా పొగ కాదు, చాలాసార్లు అది ఆవిరి. ఏదో కనుక్కుని రాయి. ఫ్యాక్టరీ వల్ల ఆ నీళ్ళకీ చేపలకీ ఏమవుతోందన్న ప్రశ్న నీకు వస్తే అది న్యాయమైన ప్రశ్నే. అన్నయ్యనీ అడుగు, ఒడ్డున వలలు బాగుచేసుకునే వాళ్ళనీ అడుగు. ఊహించి మాత్రం రాయకు.

ఇక సముద్రం. నీ కథలో అలలు వస్తూ పోతూ ఉంటాయి, అంతే. మిఠాపూర్ పక్కనున్న కచ్ సింధుశాఖలో సముద్రం అలా ఉండదు. చినగంజాంలో ఆటుకీ పోటుకీ తేడా మనిషి ఎత్తు కూడా ఉండదు. కచ్‌లో మూడు నాలుగు మీటర్లు, లోపలికి కాండ్లా రేవు వైపు వెళితే ఇంకా ఎక్కువ. అమ్మాయి ఆఫ్ రోజున జామ్‌నగర్ దారిలో ఉన్న నరారాకి తీసుకెళ్ళింది. 1982లో ఏర్పడ్డ మెరైన్ నేషనల్ పార్కులో భాగం అది, మన దేశంలో సముద్రం కోసం పెట్టిన మొదటి పార్కు. ఆటు వేళకి వెళితే నీళ్ళు కనపడనంత దూరం జరిగిపోయి ఉన్నాయి. సముద్రం అడుగున నడిచాం. పగడపు రాళ్ళు, మోకాలి లోతు గుంటలు, నాచు. గైడు ఒక గుంట పక్కన ఆగి, కదలొద్దని సైగ చేశాడు. ఏమీ కనపడలేదు నాకు. చాలాసేపటికి రాయి అనుకున్నది ఊపిరి తీసింది. అరచెయ్యంత ఆక్టోపస్. మా నీడ పడగానే గోధుమరంగు తెల్లబడి, మళ్ళీ రాయి రంగుకొచ్చేసింది. నీళ్ళు తిరిగొచ్చే వేళయిందని గైడు తొందరపెడితే తప్ప నేను లేవలేదు. సముద్రం గురించి రాసేటప్పుడు ఏ వేళకి వెళ్ళావో రాయి. పోటు మీద వెళ్ళుంటే నేను కూడా నీలాగే అలల గురించి రాసి ఊరుకునేదాన్ని.

ద్వారక, గోమతి, శివరాజ్‌పూర్ బీచ్, బేట్ ద్వారకకి 2024లో తెరిచిన సుదర్శన్ సేతు వంతెన, అన్నీ చూశాను. అందరూ చూసేవే, అందుకని ఆగడం లేదు.

ఓఖా జెట్టీ దగ్గర మాత్రం ఆగాలి. పడవలు వరసగా కట్టేసి ఉన్నాయి. వెనకనుంచి తెలుగు వినపడింది. తిరిగి చూస్తే ఒక కుర్రాడు, నీకన్నా రెండేళ్ళు పెద్దవాడేమో, ఐసు పెట్టెలు కడుగుతున్నాడు. "ఏటమ్మా, ఏ ఊరు మీది?" అన్నాడు. వాళ్ళది శ్రీకాకుళం దగ్గర పల్లె. ఆగస్టులో వస్తే మళ్ళీ వేసవికే ఇల్లు. కూతుర్ని చూడ్డానికి వచ్చానంటే, "మా అమ్మకి ఇక్కడికొచ్చే దారేదమ్మా, ఫోన్‌లో బోటు చూపిస్తాను, అంతే" అన్నాడు. సిగ్నల్ లేని రోజుల్లో ఆమె నిద్రపోదట. ఎందుకు పోతుంది? 2018 నవంబరులో గుజరాత్ తీరంనుంచి వేటకెళ్ళిన ఉత్తరాంధ్ర జాలర్లు సరిహద్దు దగ్గర పాకిస్తాన్ వాళ్ళకి పట్టుబడ్డారు. 20 మంది 2020 జనవరిలో వాఘా దాకా వచ్చేసరికి ఏడాది పైనే గడిచింది. ఆ కుర్రాడి అమ్మకి ఆ ఇళ్ళు తెలుసు. మా అమ్మాయికి క్వార్టర్స్ ఉంది, గేటు ఉంది, నేను వస్తే ఆఫ్ తీసుకునే వీలుంది. అదే తీరంలో పదిమైళ్ళ లోపే ఇతనున్నాడు. మిగిలిన అరిసెలు అతని చేతిలో పెట్టాను. ఒకటి నోట్లో వేసుకుని, మిగతావి చొక్కా లోపల దాచుకుని పడవెక్కాడు, లోపల ఇంకో నలుగురున్నారని.

నీ కథలో తల్లీకొడుకులే ఉన్నారు. ఆ ఒడ్డున ఇంకెవరూ లేరా? ఉండి ఉంటారు. మీ అమ్మ ఎవరితోనో మాట్లాడే ఉంటుంది, టీ కొట్టు ఆవిడతోనో, వాచ్‌మన్‌తోనో. ఆమెని అడుగు. నువ్వు గమనించనివి ఆమె గమనించి ఉంటుంది.

చివరి పేరా తీసెయ్యి. రైలు కదిలాక తల్లి చెయ్యి ఊపడం, కొడుకు చిన్న చుక్కగా మారడం నీ కథకి అక్కర్లేదు. పచ్చడి సీసా చాలు. తొందరపడి తిరగరాయకు, నెల పట్టినా ఫర్వాలేదు, నేనెక్కడికీ పోను.

అన్నయ్యకి ఫోన్ చేసేటప్పుడు ముందు ఏ షిఫ్ట్‌లో ఉన్నాడో కనుక్కో. రాత్రి షిఫ్ట్ అయితే పొద్దున చెయ్యకు, పడుకుని ఉంటాడు. సాయంత్రం నాలుగు దాటాక, టీ తాగే వేళకి చెయ్యి.

ఆశీస్సులతో,
అమ్మ లాంటి నీ పాఠకురాలు